పాన్ హౌస్ నుంచి విమాన వాహక నౌక దాకా

అణుశక్తితో నడిచే విమాన వాహక నౌకలు ఈ రోజుకి ప్రపంచంలో రెండే దేశాల దగ్గర ఉన్నాయి. అమెరికా దగ్గర ఉన్న పెద్ద క్యారియర్లన్నీ అవే. ఫ్రాన్స్ దగ్గర ఒక్కటి ఉంది, పేరు చార్ల్స్ డి గాల్. మన దగ్గర లేదు. ఎప్పుడొస్తుంది, అసలు కావాలా అని టీవీల్లో, యూట్యూబులో, మన హాస్టల్ మెస్‌లో కూడా గట్టి చర్చలే జరుగుతుంటాయి.

ఈ విషయం మీద నేను రాయడం కొంచెం విచిత్రంగానే ఉంటుంది. మాది బోధన్ దగ్గర ఒక ఊరు. జిల్లా నిజామాబాద్. మాకు సముద్రం లేదు. మేం చూసిన పెద్ద నీళ్లంటే నిజాంసాగర్, శ్రీరాంసాగర్, ఇంకా కందకుర్తి దగ్గర మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఓడ అంటే మాకు సినిమాలో కనిపించేదే. కానీ మెకానికల్ మూడో సంవత్సరంలో ఆవిరి టర్బైన్ల పాఠం మొదలయ్యాక ఈ నౌకల గురించి చదువుతుంటే, ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉందే అనిపించింది. విన్నది మా తాత దగ్గర.

తాత మా వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో 31 ఏళ్లు పనిచేశాడు. మొదట బాయిలర్ దగ్గర, తరువాత రిటైరయ్యే దాకా పాన్ హౌస్‌లో. చదువు ఏడో తరగతి. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు, అణు రియాక్టర్ అంటే ఏంటో ఆయనకి చెప్పబోయాను.

“ఆఖరికి అది చేసేదేంది బిడ్డా?” అని అడిగాడు.

“నీళ్లు కాగబెడతది తాతా. ఆవిరొస్తది. ఆవిరితోని టర్బైన్ తిరుగుతది.”

“నీళ్లు కాగవెట్టుడేనా? మరి గంత పెద్ద పేరెందుకు?”

నవ్వొచ్చింది గానీ, ఆయన అడిగింది సరైన ప్రశ్నే. కోట్ల డాలర్ల నౌక అయినా లోపల జరిగేది అదే. యురేనియం పరమాణువులు విడిపోతాయి, వేడి పుడుతుంది, ఆ వేడి నీళ్లకి అందుతుంది, నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ గేర్ల ద్వారా షాఫ్టుని, షాఫ్టు ప్రొపెల్లర్‌ని. ఇంకో టర్బైన్ జనరేటర్‌ని తిప్పి నౌక మొత్తానికి కరెంటు ఇస్తుంది. మన వైపు చక్కెర ఫ్యాక్టరీలో ఇదే వరస. అక్కడ యురేనియం బదులు చెరుకు పిప్పి. పిప్పి బాయిలర్‌లో మండుతుంది, ఆవిరి టర్బైన్‌కి పోతుంది, ఫ్యాక్టరీకి కరెంటొస్తుంది. టర్బైన్‌లోంచి బయటికొచ్చిన ఆవిరిని కూడా పారేయరు, దాంతోనే చెరుకు రసాన్ని కాస్తారు.

చక్కెర ఫ్యాక్టరీలో నాకు బాగా నచ్చేది ఈ పిప్పి సంగతే. వంద టన్నుల చెరుకు గానుగాడితే దాదాపు 30 టన్నుల పిప్పి వస్తుంది. అది ఆ ఫ్యాక్టరీని నడపడానికి సరిపోతుంది. అంటే సీజన్ మొదలయ్యాక బయటి నుంచి బొగ్గు, ఆయిలు పెద్దగా అక్కర్లేదు. వచ్చే చెరుకే సరుకు, అదే ఇంధనం. అణు క్యారియర్ కూడా తన ఇంధనం తన కడుపులోనే పెట్టుకుని తిరుగుతుంది. అమెరికా నిమిట్జ్ రకం నౌకల ఆయుష్షు 50 ఏళ్లు అనుకుంటే, మధ్యలో ఒక్కసారి, దాదాపు పాతికేళ్లకి, రియాక్టర్ల ఇంధనం మారుస్తారు. అంతే.

తేడా ఎంతో చూద్దామని ఒక రాత్రి లెక్క వేశాను. ఒక కిలో యురేనియం-235 పూర్తిగా విచ్ఛిత్తి అయితే వచ్చే వేడి సుమారు 80 లక్షల కోట్ల జౌళ్లు. సగం తడి ఉన్న పిప్పి కిలోకి సుమారు 75 లక్షల జౌళ్లు ఇస్తుంది. భాగిస్తే, ఆ ఒక్క కిలో యురేనియం పది వేల టన్నుల పైన పిప్పితో సమానం. అంత పిప్పి రావాలంటే 35 వేల టన్నుల చెరుకు కావాలి. ట్రాలీకి పది టన్నులు వేసుకుంటే 3,500 ట్రాలీలు. వాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెడితే, పాతిక కిలోమీటర్ల పైచిలుకున్న నిజామాబాద్–బోధన్ రోడ్డు నిండిపోయి, ఇంకా కొన్ని మిగిలిపోతాయేమో.

ఈ లెక్క చెబితే తాత ఆశ్చర్యపోలేదు. “గంత వేడిని పట్టుకునుడే గద కష్టం” అన్నాడు. నిజమే, డిజైన్ మొత్తం అక్కడే ఉంది.

పాన్ హౌస్ సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. చెరుకు రసం చిక్కబడి పాకం అయ్యాక దాన్ని వాక్యూమ్ పాన్‌లోకి ఎక్కిస్తారు. మామూలుగా మరిగిస్తే పాకం మాడి రంగు మారుతుంది, చక్కెర పాడవుతుంది. అందుకని పాన్‌లో గాలి లాగేస్తారు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో ఐదో వంతు దగ్గరికి పడిపోతుంది. అప్పుడు పాకం 65, 70 డిగ్రీలకే ఉడుకుతుంది. ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని మనం స్టీమ్ టేబుల్స్‌లో చదివింది అదే.

నౌకల్లో వాడే ప్రెజరైజ్డ్ వాటర్ రియాక్టర్‌లో పని దీనికి తలకిందులు. అక్కడ నీళ్లు మరగకూడదు. అందుకని ఒత్తిడి పెంచుతారు. కరెంటు కోసం కట్టే ఈ రకం రియాక్టర్లలో, మన కూడంకుళంలో ఉన్నదీ ఈ రకమే, ఒత్తిడి 155 బార్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 345 డిగ్రీల దాకా మరగవు. యుద్ధనౌకల్లో అంకెలు రహస్యం గానీ సూత్రం ఇదే. రియాక్టర్ గుండా తిరిగే ఈ నీళ్లు బయటికి రావు. వాటి వేడిని ఒక స్టీమ్ జనరేటర్‌లో వేరే నీళ్లకి అందిస్తారు. ఆ రెండో నీళ్లే ఆవిరై టర్బైన్‌కి పోతాయి. అందువల్ల టర్బైన్ దగ్గర నిలబడ్డ మనిషికి రేడియేషన్ భయం ఉండదు.

మా తాత టేబుల్ పై చివర పనిచేశాడు, రియాక్టర్ ఇంజనీర్లు అడుగు చివర పనిచేస్తారు. పుస్తకం ఒక్కటే.

ఒక్క విషయంలో మాత్రం పిప్పికీ యురేనియానికీ పోలిక కుదరదు. బాయిలర్‌కి పిప్పి ఆపేస్తే మంట ఆరిపోతుంది, కాసేపటికి చల్లబడుతుంది. రియాక్టర్‌ని ఆపేసినా వేడి వెంటనే ఆగదు. ఆపిన క్షణంలో కూడా, అప్పటిదాకా నడిచిన శక్తిలో ఆరేడు శాతం వేడి పుడుతూనే ఉంటుంది. విచ్ఛిత్తిలో పుట్టిన ముక్కలు తమంతట తాము క్షయమవుతూ ఇచ్చే వేడి అది. తగ్గుతూ పోతుంది గానీ గంటలు, రోజులు పడుతుంది. కాబట్టి ఏం జరిగినా, బాంబు పడినా, కరెంటు పోయినా, నీళ్లు తిరుగుతూనే ఉండాలి. పంపుకి మారుపంపు, దానికి ఇంకో మారు. అణు నౌక డిజైన్‌లో ఖర్చు ఎక్కువ పోయేది ఇలాంటి చోట్లే.

ఇంత కష్టపడి అణుశక్తి ఎందుకు మరి? వేగం కోసం కాదు. మామూలు ఆయిల్ నౌకలు కూడా 30 నాట్ల దాకా పోగలవు. కారణాలు వేరే. పొగ గొట్టం ఉండదు, ఇంజన్లకి గాలి తెచ్చే పెద్ద గొట్టాలు ఉండవు, ఆ జాగా కలిసొస్తుంది. ఓడకి కావలసిన ఆయిల్ ట్యాంకుల చోట విమానాల పెట్రోలు, ఆయుధాలు ఎక్కువ పెట్టుకోవచ్చు. వారాల తరబడి పూర్తి వేగంతో పోయినా ఇంధనం గురించి ఆలోచించక్కర్లేదు. ఇంకొకటి, విమానాన్ని రెండు మూడు సెకన్లలో 250 కిలోమీటర్ల వేగానికి తోసే కాటపుల్ట్‌కి కావలసిన శక్తి దొరుకుతుంది. నిమిట్జ్ నౌకల్లో ఆ పని ఆవిరే చేస్తుంది. 2017లో నౌకాదళంలో చేరిన జెరాల్డ్ ఆర్. ఫోర్డ్‌లో ఆవిరి తీసేసి లీనియర్ మోటార్ పెట్టారు. తిరుగుతున్న బరువైన చక్రాల్లో శక్తి దాచుకుని ఒక్కసారిగా వదులుతారు. దానికి చాలా కరెంటు కావాలి. కొత్త రియాక్టర్లు అందుకే.

అయితే నౌకలో మనుషులకి తిండి కావాలి, విమానాలకి పెట్రోలు కావాలి. అవి వేరే ఓడలు తెచ్చి ఇవ్వాల్సిందే. అణుశక్తి ఉంటే ఎప్పటికీ రేవుకి రానక్కర్లేదు అని మెస్‌లో చెప్పేవాళ్లకి ఈ మాట గుర్తు చేయండి.

ఇక మన సంగతి. మన దేశంలో అణు నౌక పుట్టిన ఊరు తెలుగు ఊరే. 2009 జులై 26న విశాఖపట్నంలో అరిహంత్ జలాంతర్గామిని నీళ్లలోకి దింపారు. అందులో ఉన్నది 83 మెగావాట్ల రియాక్టర్ అని చెబుతారు. మరి అదే రియాక్టర్‌ని తీసుకొచ్చి క్యారియర్‌లో పెడితే? చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ 83 వేడి మెగావాట్లు. కొచ్చిలో కట్టిన మన విక్రాంత్‌లో నాలుగు గ్యాస్ టర్బైన్లు కలిపి ఇచ్చేది 88 మెగావాట్లు, అది షాఫ్టు దగ్గరి శక్తి. ఇలాంటి రియాక్టర్‌తో వేడిలో ఐదో వంతో నాలుగో వంతో షాఫ్టుకి చేరుతుందనుకుంటే, విక్రాంత్‌ని అదే వేగంతో నడపడానికి అలాంటి రియాక్టర్లు నాలుగైదు కావాలి.

ఇది ఊరికే కాగితం లెక్క కాదు. 1961లో వచ్చిన ప్రపంచపు మొదటి అణు క్యారియర్ ఎంటర్‌ప్రైజ్‌లో ఎనిమిది రియాక్టర్లు ఉండేవి. తరువాతి నిమిట్జ్‌కి రెండు సరిపోయాయి, ఎందుకంటే మధ్యలో వాళ్లు పెద్ద రియాక్టర్ తయారు చేసుకున్నారు. ఫ్రాన్స్ వాళ్లు వేరే దారి పట్టారు. తమ జలాంతర్గాముల కోసం చేసిన రియాక్టర్లనే రెండు తెచ్చి చార్ల్స్ డి గాల్‌లో పెట్టారు. పని జరిగింది గానీ నౌక వేగం 27 నాట్లకి ఆగింది. అంతకు ముందు ఆయిల్‌తో నడిచిన వాళ్ల పాత క్యారియర్లు అంతకంటే జోరుగా పోయేవి.

కాబట్టి సూత్రం అందరికీ తెలుసు. మా తాతకీ తెలుసు. ఇబ్బంది సూత్రంలో లేదు.

విక్రాంత్ కథలో నాకు ఎక్కువ నచ్చిన భాగం రియాక్టర్ గురించి కాదు, ఇనుము గురించి. యుద్ధనౌకకి మామూలు స్టీలు పనికిరాదు. గట్టిగా ఉండాలి, చలి నీళ్లలో పెళుసెక్కకూడదు, వెల్డింగ్ పెట్టాక ఆ అతుకు పక్కన బీట రాకూడదు. మన ల్యాబ్‌లో చార్పీ టెస్ట్ చేస్తాం కదా, లోలకం వచ్చి చిన్న ముక్కని విరగ్గొడుతుంది, డయల్ మీద అంకె రాసుకుని ఇంటికి పోతాం. ఆ అంకె ఎందుకో నాకు అక్కడే అర్థమైంది. ఆ స్టీలు రష్యా నుంచి వస్తుందనుకున్నారు. సరఫరా కుదరలేదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉన్న డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు డీఎంఆర్ 249ఏ, 249బీ అనే రకాలు తయారు చేశారు. మొదటిది ఓడ ఒంటికి, రెండోది, ఇంకా గట్టిది, విమానాలు దిగే డెక్‌కి. సెయిల్ ఫ్యాక్టరీలు ఆ స్టీలుని దాదాపు 30 వేల టన్నులు పోసి ఇచ్చాయి. 2009 ఫిబ్రవరిలో కీల్ వేశారు, 2013 ఆగస్టులో నీళ్లలోకి దింపారు, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. 262 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, లోపల రెండు వేల పైచిలుకు గదులు. 13 ఏళ్లు పట్టిందని వెక్కిరించినవాళ్లు ఉన్నారు. మొదటిసారి కట్టేవాళ్లకి ఎక్కడైనా అంతే పడుతుంది.

ఎక్కడైనా అంటే అమెరికాలో కూడా. వర్జీనియా రాష్ట్రంలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్లో ఒక షిప్‌యార్డ్ ఉంది. అమెరికా అణు క్యారియర్లు కట్టేది ఇప్పుడు ఆ ఒక్క చోటే. అక్కడ నౌకని కింద నుంచి పైకి ఇటుక మీద ఇటుకలా కట్టరు. ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్కలో గొట్టాలు, వైర్లు, తలుపులు ముందే బిగించి, వెయ్యి టన్నులు ఎత్తే క్రేన్‌తో డ్రై డాక్‌లోకి దింపి, పక్క ముక్కకి అతుకుతారు. రియాక్టర్లు అడుగున, నడుమ భాగంలో కూర్చుంటాయి. వాటి పైన డెక్ మీద డెక్ వేసి మూసేస్తారు. మళ్లీ అక్కడికి పోవాలంటే పాతికేళ్ల తరువాత ఇంధనం మార్చేటప్పుడు, పైనుంచి కోసుకుంటూ పోవాలి. ఆ పనికి నాలుగేళ్లు అనుకుంటారు. జార్జ్ వాషింగ్టన్ అనే నౌకకి దాదాపు ఆరేళ్లు పట్టింది.

తాతకి ఈ మూసేసే సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “మాది నయం. పాన్ల ఒక వంట చెడితే కరిగిచ్చి మల్ల వండుకుందుము. గా అతుకు వెట్టినోనికి రాత్రి నిద్రెట్ల పడతదో.”

అంత అనుభవం ఉన్న యార్డ్‌కి కూడా ఫోర్డ్ చుక్కలు చూపించింది. దాదాపు 1,300 కోట్ల డాలర్లయింది. ఆయుధాల్ని పైకి తెచ్చే కొత్త రకం లిఫ్టులు పదకొండు ఉంటే, నౌక అప్పగించిన రోజుకి ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. అన్నీ నడవడానికి 2021 దాకా పట్టింది. కానీ గమనించండి, వాళ్లు లైన్ ఆపలేదు. 2009 జనవరిలో చివరి నిమిట్జ్ రకం నౌక సేవలో చేరింది, అదే ఏడాది నవంబరులో ఫోర్డ్‌కి కీల్ వేశారు. పాత నౌక అతికిన చేతులే కొత్త నౌక మీదికి వెళ్లాయి. వాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లు తరువాతి నౌకకి వెళ్తారు.

ఆపేస్తే ఏమవుతుందో మనకి బాగా తెలుసు. 1981లో జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూతో మన దేశం నాలుగు జలాంతర్గాములకి ఒప్పందం చేసుకుంది. రెండు అక్కడ, రెండు ముంబై మజగాన్ డాక్‌లో కట్టాలి. మన వెల్డర్లు, ఇంజనీర్లు జర్మనీ పోయి నేర్చుకుని వచ్చారు. ముంబైలో కట్టిన శల్కి 1992లో, శంకుల్ 1994లో చేరాయి. ఆ తరువాత ఆర్డర్ లేదు. ఏళ్లు గడిచాయి. జలాంతర్గామి ఒంటికి అతుకు పెట్టడం నేర్చినవాళ్లు రిటైరయ్యారు, కొందరు వేరే పనులకి పోయారు. 2005లో ఫ్రాన్స్‌తో స్కార్పీన్ ఒప్పందం కుదిరే సరికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అందులో మొదటిది, కల్వరి, చేరింది 2017 డిసెంబరులో. యార్డ్ అదే, సముద్రం అదే. నడుమ తెగింది చేతుల వరస ఒక్కటే.

ఇది చదువుతుంటే నాకు ముంబై కాదు, శక్కర్‌నగర్ గుర్తొచ్చింది.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఒక్క రోజులో పుట్టింది కాదు. 1923లో మంజీర మీద నిజాంసాగర్ మొదలుపెట్టారు, 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని ఇంజనీరు. కాలువలు వచ్చాయి, కాలువల కింద చెరుకు వచ్చింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. చుట్టూ కార్మికుల ఇళ్లు, బడి, ఆస్పత్రి, సొంత చెరుకు తోటలు, చివరికి ఊరికే చక్కెర పేరు పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని మా ముసలివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెబుతారు. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటి నుంచి గానుగ ఆడలేదు. మా ఊళ్లలో చెరుకు తగ్గిపోయి వరి వచ్చింది. చలికాలం రోడ్ల మీద చెరుకు బండ్ల వెనక పరుగెత్తి గడలు గుంజుకోవడం మా అన్నల తరానికి తెలుసు. మా తమ్ముడికి తెలియదు.

మళ్లీ తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికల్లో వింటాం. తెరిస్తే అందరికంటే సంతోషించేది మేమే. మిషన్లు తుప్పుపట్టాయి, కొత్తవి పెట్టాలి, ఇన్ని కోట్లు కావాలి, ఈ లెక్కలన్నీ పేపర్లో వస్తాయి. పాన్ హౌస్‌లో ఎవరు నిలబడతారన్న లెక్క మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

పాన్ మీద నిలబడేవాడి పని ఏమిటో తాతని అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. పాకంలో గింజ ఎప్పుడు కట్టాలో పసిగట్టాలి. ప్రూఫ్ స్టిక్‌తో కొంచెం బయటికి తీసి, గాజు పలక మీద రాసి, లైటు ముందు పట్టి చూడాలి. గింజలన్నీ ఒకే సైజులో ఉండాలి. మధ్యలో సన్న గింజ కొత్తగా పుట్టుకొస్తే అది జల్లెడలోంచి మొలాసిస్‌తో పాటు జారిపోతుంది. అప్పుడు కొంచెం నీళ్లో పలచటి పాకమో ఎక్కించి ఆ సన్న గింజని కరిగించాలి. ఎంత ఎక్కించాలి? ఎక్కువైతే మంచి గింజ కూడా కరుగుతుంది.

“ఎంత తాతా?” అని పెన్ను పట్టుకుని అడిగితే, బొటనవేలు, చూపుడువేలు రాపాడించి చూపించాడు. “గీ జిగట తెల్వాలె” అన్నాడు. నా నోట్‌బుక్కులో ఆ లైను దగ్గర ఖాళీ ఉంది. ఇంటర్నెట్‌లో బ్రిక్స్ లెక్కలు దొరికాయి, సెన్సర్లతో పాన్ నడిపే కొత్త పద్ధతులు దొరికాయి. అవి మంచివే, ఆ సెన్సర్ ఏ అంకె దగ్గర ఆగాలో కూడా మొదట ఇలాంటి మనిషే చెప్పి ఉంటాడు. తాతకి ఇప్పుడు 76. కళ్లలో శుక్లాలు. ఆయనతో పాటు ఆ షిఫ్టులో పనిచేసిన నలుగురిలో ఇద్దరు లేరు. దసరాకీ సంక్రాంతికీ కలిపి నాకు దొరికేది పదిహేను రోజులు. ఆ ఖాళీ నిండుతుందో లేదో తెలియదు.

అందుకే, మన దేశం అణు క్యారియర్ కట్టాలా వద్దా అని క్లబ్ డిబేట్ పెడితే నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తున్నా. కట్టాలి, కానీ వెంటనే కాదు. ముందు విక్రాంత్ లాంటిదే ఇంకొకటి కట్టాలి, ఆయిల్‌తో నడిచేదే. గొప్ప కోసం కాదు. కొచ్చిలో మొదటిది అతికినవాళ్లు ఇంకా పనిలో ఉండగానే వాళ్ల పక్కన కొత్తవాళ్లు నిలబడాలి. నేను ఇది రాసే నాటికి ఆ రెండో నౌకకి ఆర్డర్ లేదు. విశాఖలో జలాంతర్గాముల రియాక్టర్ల పని ఆగకుండా నడుస్తూ, పెద్ద రియాక్టర్ వైపు మెల్లగా పెరగాలి. ఈ రెండు వరసలూ తెగకుండా వస్తే, పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో అవి ఒక నౌకలో కలుస్తాయి. ఒకటి తెగినా మళ్లీ మొదటి నుంచే. క్యారియర్‌కి పెట్టే డబ్బుతో జలాంతర్గాములే ఎక్కువ కొనొచ్చు అనేవాళ్ల వాదనలో కూడా బలం ఉంది. అది ఒప్పుకుని కూడా నేను ఈ పక్షమే, ఎందుకంటే డబ్బు మళ్లీ బడ్జెట్‌లో పెట్టుకోవచ్చు, మనుషుల్ని పెట్టుకోలేం.

మన బ్రాంచిలో వచ్చే సెమిస్టర్‌కి వెల్డింగ్ టెక్నాలజీ ఎలక్టివ్ ఉంది. ప్లేస్‌మెంట్‌కి పనికిరాదని అందరూ పైథాన్ ఉన్న ఎలక్టివ్ వైపు పోతున్నారు. వాళ్లని తప్పు పట్టను, ఇంటి అప్పులు నాకూ తెలుసు. కానీ పది మంది లేకపోతే ఆ కోర్సు నడపరట. పోయిన ఏడు నడవలేదు, ఈ ఏడు కూడా నడవకపోతే లిస్టులోంచి తీసేస్తారని సీనియర్లు అంటున్నారు. దాన్ని చెప్పే సార్‌కి రిటైర్‌మెంట్ ఇంకా రెండేళ్లే ఉంది.

నేను పేరు ఇచ్చేశాను. ఇప్పటికి ఆరుగురం అయ్యాం. ఇంకా నలుగురు కావాలి, రిజిస్ట్రేషన్ వచ్చే శుక్రవారం దాకా తెరిచే ఉంటుంది.